గేర్లు పడని ఎర్ర బండిలో గూడెం దాకా

ఈ ప్రయాణం నేను పెట్టుకున్నది కాదు, మా అక్క పెట్టించింది. శుక్రవారం సాయంత్రం స్కూలు నుంచి వచ్చి చొక్కా విప్పుతుంటే ఫోన్ చేసింది. "ఒరే రాంబాబూ, మీ బావగారి కారు గేర్లు పడట్లేదురా. మళ్ళీ మెకానిక్కుల చుట్టూ తిరుగుతారంట. ఈసారి నువ్వు కూడా వెళ్ళు" అంది. నేను రాజమండ్రిలో పిల్లలకి లెక్కలు చెప్పుకునేవాణ్ణి, గేర్ల గురించి నాకేం తెలుసని అడిగాను. "నీకు తెలియక్కర్లేదురా, పక్కన కూర్చో. లోపం కారులోదే అయితే ఎంత ఖర్చయినా పెట్టించు, నేనేమీ అనను" అంది. ఆ కారు కొన్న రోజు నుంచి దాని మీద రూపాయి పెట్టినా ఇల్లు పీకి పందిరేసే మనిషి ఇలా మాట్లాడటం వింతగానే అనిపించింది. కానీ పొయ్యి మీద టీ పొంగుతుండటంతో ఆ మాట అక్కడే వదిలేశాను.

కారు సంగతి ముందు చెప్పాలి. రెండు తలుపులు, రెండు సీట్లు, ఎర్ర రంగు, కూర్చుంటే నేల మీద కూర్చున్నట్టే ఉండే పాత స్పోర్ట్స్ కారు అది. ఎక్కడో విదేశంలో తయారై, హైదరాబాదులో ఇద్దరు ముగ్గురి చేతులు మారి, చేపల రేటు బాగున్న ఒక ఏడాది మా బావగారి చేతికి వచ్చింది. గేర్లు మనమే వేసుకోవాలి, దానంతట అది వేసుకునే రకం కాదు. మా బావగారు సత్యంగారికి ఉంగుటూరు దగ్గర వరిపొలం, కొల్లేటికోట వైపు చేపల చెరువులు ఉన్నాయి. కాపురం ఏలూరులో. ఆయనకి తాగుడు లేదు, పేకాట లేదు, ఊళ్ళో పెద్దరికాల మీద ఆశ లేదు. ఉన్న సరదా అంతా ఈ ఎర్ర బండి ఒక్కటే.

దసరాలప్పుడు మొదలైంది గొడవ. ముందు రెండో గేరు కరకరమంది. తర్వాత మొదటి గేరు, ఆ తర్వాత రివర్సు. ఏలూరు మెకానిక్కు గేరాయిలు మార్చాడు, గేరు రాడ్డు కింద అరిగిన బుష్‌లు మార్చాడు. మేమంతా గూడెం అనే తాడేపల్లిగూడెంలో మెకానిక్కు గేరుబాక్సు మొత్తం కిందికి దింపి కొత్త క్లచ్ ప్లేటు వేశాడు. అయినా కరకర పోలేదు. "ఈ శని, ఆదివారాల్లో తేలిపోవాలోయ్. గేర్లు దారికొస్తే సరే. లేదంటే భీమవరంలో ఒకాయన అడుగుతున్నాడు, ఇచ్చేసి స్టీరింగు ముట్టుకోవడం మానేస్తాను" అని నాతో ఫోన్లో అన్నారు బావగారు. ఆయన స్టీరింగు మానేయడమన్నది నా ఊహకి అందలేదు. అక్క పెళ్ళయిన కొత్తలో గూడెం పాత రన్‌వే మీద జీపు ఎక్కించి నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే.

శనివారం పొద్దున్న ఆరున్నర పాసింజరు ఎక్కాను. అది ఏడు దాటాక కదిలింది. గోదావరి మీద మంచు పట్టి అవతలి ఒడ్డు కనపడలేదు. కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషిస్తే ఆ కిటికీ తలుపు కిందికి దిగదు. చలిగాలికి చెవులు మూసుకుని కూర్చున్నాను. నిడదవోలులో తెల్లపంచె కట్టుకున్న ఒక పెద్దాయన ఎక్కబోయి మెట్టు తప్పి ముందుకి పడబోయారు. గుమ్మం దగ్గరున్న నలుగురూ చటుక్కున పట్టుకున్నారు. "మెట్టు మరీ ఎత్తండీ ఈ బండికి" అన్నారు ఒకరు. "ఆగీ ఆగకుండానే కదిలించేస్తాడండి" అన్నారు ఇంకొకరు. బండి కదలనేలేదు. మెట్టు అందరికీ ఉన్న ఎత్తులోనే ఉంది. మా వైపు ఇంతే, పెద్దవాళ్ళ చేతిలోంచి గ్లాసు పడితే గ్లాసు జారిందంటారు, దారి తప్పితే రోడ్డు సరిగా లేదంటారు. ఆ పెద్దాయన కూడా "అవునండీ, మెట్టు ఎత్తే" అని కూర్చున్నారు. నాకు నవ్వొచ్చింది.

ఏలూరులో దిగేసరికి తొమ్మిది. బావగారెప్పుడూ ప్లాట్‌ఫాం మీదికి వచ్చి నా సంచి లాక్కుంటారు. ఈసారి కనపడలేదు. బయటికొస్తే ఆటోల మధ్య ఎర్ర బండిలోనే కూర్చుని హారన్ కొట్టారు. "ఏవోయ్ మాస్టారూ, బండి రైటైమా?" అన్నారు. రైటైమే ఎదురొచ్చి నన్ను చూసి తప్పుకుందని చెప్పాను. ఆయన నవ్వి గేరు వేశారు. బండి కింద ఎవరో ఇనప గొలుసు ఈడ్చినట్టు శబ్దం వచ్చింది. ఆటోవాళ్ళంతా తిరిగి చూశారు. బావగారి నవ్వు అక్కడే ఆగిపోయింది.

టిఫిను పవర్‌పేటలో చేశాం. పెసరట్టు బాగానే ఉంది, ఉప్మా చల్లారిపోయింది. అక్కడి నుంచి మెకానిక్కు శ్రీను షెడ్డుకి నాలుగు అడుగులు. శ్రీను ముప్పై ఏళ్ళ మనిషి, మాట మెత్తన. ఇంజను ఆపి గేర్లన్నీ వేసి చూపించాడు, చక్కగా పడ్డాయి. "చూశారాండీ, ఇంజను ఆపితే గొడవ లేదండి. నడిచేటప్పుడే కరకరంటే క్లచ్చి పూర్తిగా విడిపోవటం లేదని అర్థమండి" అన్నాడు. క్లచ్చి ఆయిలు గొట్టంలో గాలి చేరిందేమోనని పాత ఆయిలు తీసి కొత్తది పోశాడు. తర్వాత తానొక్కడే వీధి చివరిదాకా తోలుకెళ్ళి తిరిగొచ్చాడు. నాకు ఒక్క శబ్దమూ వినపడలేదు. దిగి, గుడ్డతో చేతులు చాలాసేపు తుడుచుకున్నాడు. ఆ తుడవడం అయ్యాక మళ్ళీ బండి కింద దూరి పెడల్ దగ్గర ఏదో బిగించాడు.

"ఇప్పుడు కొంచెం తొక్కినా చాలండి. పైనే విడిపోయేలా సర్దానండి" అన్నాడు.

"నేను ఎప్పుడూ తొక్కేటట్టే తొక్కుతున్నాను కదయ్యా" అన్నారు బావగారు.

"మీరు సరిగ్గానే తొక్కుతున్నారండీ. బండే పాతబడిందండి."

షెడ్డు దాటేదాకా గేర్లు పడ్డాయి. బావగారి మొహం వెలిగింది. కాలవ వంతెన దగ్గర రెండో గేరు మళ్ళీ అరిచింది. ఆయన ఇంటిదాకా ఒకటే గేరులో తోలారు. గేటు దగ్గర అక్క నిలబడి ఉంది. నన్ను పలకరిస్తూనే ఆయన దిగుతుంటే కిందికి చూసింది. కారు చక్రం చూస్తోందనుకున్నాను.

మధ్యాహ్నం రెండింటికి చెరువుల వైపు బయల్దేరాం. ఖాళీ రోడ్డు మీద బండి ఎలా ఉంటుందో చూడొచ్చని, పనిలో పనిగా మేత దిగిందో లేదో కనుక్కోవచ్చని ఆయన ఆలోచన. కైకలూరు రోడ్డు పట్టుకున్నాం. కొల్లేరంటే అంతులేని నీళ్ళుంటాయని ఊహించుకుని వచ్చేవాళ్ళు నిరాశపడతారు. ఊరు దాటిన దగ్గర్నుంచి గట్లు, గట్ల మధ్య చెరువులు, చెరువుల పక్కన మోటార్లు, కాలవ నిండా గుర్రపుడెక్క. నీళ్ళ రంగు బూడిదలా ఉంది, ఆకాశం కూడా అదే రంగు. చేపల మేత వాసన కారు అద్దాలు ఎత్తినా లోపలికి వచ్చింది. శీతాకాలం కాబట్టి పక్షులు మాత్రం దిగాయి. గూడబాతులు ఒక మూల గుంపుగా నిలబడి ఉన్నాయి. పక్షుల కోసం వచ్చేవాళ్ళు పొద్దున్నే రావాలి, మధ్యాహ్నం అవి కూడా విసుగ్గానే కనిపిస్తాయి.

చెరువుగట్టు మీదికి మళ్ళాక అసలు చిక్కు వచ్చింది. గట్టు ఒక్క బండికే సరిపోతుంది. ఎదురుగా మేత బస్తాల లారీ వచ్చి ఆగింది. బరువుతో ఉన్న లారీ వెనక్కి పోలేదు, మేమే పోవాలి. బావగారు రివర్సు వేయబోయారు. గొలుసు శబ్దం. మళ్ళీ వేశారు, మళ్ళీ అదే. నాలుగోసారికి ఆయన మెడ మీద చెమట కనపడింది. లారీ డ్రైవరు దిగొచ్చి అద్దం దగ్గర వంగి "నిదానంగా తియ్యండీ, నాకు తొందరేం లేదండి" అన్నాడు. ఆ మర్యాదకి బావగారు ఇంకా ముడుచుకుపోయారు. చివరికి తలుపు తీసి దిగారు. "నువ్వు తియ్యి బాబూ, ఈ దిక్కుమాలిన బండి నా మాట వినట్లేదు" అన్నారు.

ఆ డ్రైవరు ఆ చిన్న సీట్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. రివర్సు ఒక్కసారికే పడింది, చప్పుడు లేకుండా. మలుపు దాకా వెనక్కి తోలి ఆపి దిగాడు. ఆ మలుపు దాకా బావగారు నడిచారు. మా ఇద్దరి మొహాలు చూసి "నా చెయ్యి మొరటుదండీ. లారీ రాడ్లు లాగే చెయ్యి కదండీ, అందుకని పడిందండి. పాత బండికి ఇలాంటి మొరటోడే కావాలండి" అని నవ్వి వెళ్ళిపోయాడు. మంచివాడు. గేరు రాడ్డుని వాడు రెండు వేళ్ళతో నెట్టడం నేను చూశాను.

బావగారు మళ్ళీ కూర్చున్నాక ముందు గట్టు మీద చెప్పొకటి కనపడింది. ఎడమ కాలిది. నడుస్తూ నడుస్తూ వదిలేసుకుని వచ్చారు. వెళ్ళి తెచ్చిచ్చాను. బొటనవేలి దగ్గర నేలకి రాసుకుని రాసుకుని పలచబడిపోయి ఉంది. కుడి చెప్పు చూస్తే నిన్న కొన్నట్టే ఉంది. "చేపలు అన్ని టన్నులు పట్టి చెప్పులు కొనుక్కోలేరా బావగారూ" అన్నాను. "ఈ రబ్బరు మంచిది కాదోయ్" అన్నారు. మేత దిగిందో లేదో ఆయన అడగనేలేదు. తిరిగొచ్చేటప్పుడు సూర్యుడు గుర్రపుడెక్క మీదికి దిగుతున్నాడు. అంత పెద్ద సరస్సు పక్కన అంత దిగులుగా నేనెప్పుడూ ప్రయాణం చేయలేదు. ఎందుకు దిగులో అప్పటికి నాకు తెలియదు, బండి గురించే అనుకున్నాను.

రాత్రి అక్క బొమ్మిడాయల పులుసు పెట్టింది. ఎవరూ సరిగా తినలేదు.

ఆదివారం ఎనిమిదింటికి గూడెం బయల్దేరాం. నా ఏర్పాటు ఏమిటంటే, అక్కడ పని కాగానే నేను గూడెంలోనే రాజమండ్రి రైలెక్కేస్తాను, బావగారు బండి తోలుకుని ఏలూరు వెళ్ళిపోతారు. అందుకని నా సంచి కూడా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. హైవే మీద పైగేరులో పడ్డాక బండి చాలా హాయిగా పోతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. భీమడోలు దాటాక టీకి ఆగాం. టీ కొట్టు ఆవిడ కారు చుట్టూ తిరిగి చూసి "ఇందులో పిల్లలు ఎక్కడ కూర్చుంటారండీ?" అంది. "ఇది పిల్లలకి కాదమ్మా, ముసలాళ్ళకి" అన్నారు బావగారు. ఆ పూట ఆయన చేసిన వేళాకోళం అదొక్కటే. ఉంగుటూరు దగ్గర లోపలి రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు. తన పొలం వైపు చూశారు గానీ బండి ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదటి గేరు వేయాలి.

గూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు ఘాటు ఊళ్ళోకి రాకముందే ముక్కుకి తగిలింది. పోయినసారి గేరుబాక్సు దింపిన అబ్బులుగారు ఆదివారమైనా మా కోసం షెడ్డు తీశారు. ఆయనకీ బావగారికీ చాలా ఏళ్ళ స్నేహం, జీపు రోజుల నుంచి. బండిని గొయ్యి మీదికి ఎక్కించి, కిందికి దిగి, టార్చి వేసి గంటసేపు చూశారు. నన్ను కార్లో కూర్చోబెట్టి పెడల్ తొక్కించి, కింద నుంచి చూసి "చాలండి, వదలండి" అన్నారు. పైకి వచ్చాక మొహం ఏమీ చెప్పలేదు. "రన్‌వే మీదికి పోదారండి. నడిపితే గాని తెలీదండి" అని తన మోపెడ్ మీద ముందు బయల్దేరారు.

గూడెం రన్‌వే తెల్లవాళ్ళ కాలంలో విమానాలకి వేసింది. ఇప్పుడు విమానాలు రావు. పొద్దున్నే నడిచేవాళ్ళు, సాయంత్రం క్రికెట్టు, ఆదివారం డ్రైవింగు నేర్చుకునేవాళ్ళు. మేం వెళ్ళేసరికి ఒకమ్మాయి స్కూటీ మీద, ఇంకో కుటుంబం తెల్ల కారు మీద కుస్తీ పడుతున్నారు. పగుళ్ళలో గడ్డి మొలిచిన ఆ సిమెంటు చూడగానే నాకు నా డిగ్రీ రోజులు గుర్తొచ్చాయి. జీపులో నా పక్కన కూర్చుని బావగారు ఒకటే మాట అనేవారు. "క్లచ్చి నేల తాకాలోయ్. సగం తొక్కితే సగం గేరే పడుద్ది." నా కాలు నేల తాకిందో లేదో వంగి చూసేవారు. తాకకపోతే మోకాలి మీద ఒక్కటిచ్చేవారు.

ముందు బావగారు తోలారు, పక్కన అబ్బులుగారు. నేను దూరంగా నిలబడ్డాను. మొదటి గేరు దగ్గరా, రెండో దగ్గరా, తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ రెండో దగ్గరా బండి అరిచింది. స్కూటీ అమ్మాయి చెవులు మూసుకుంది. తర్వాత అబ్బులుగారు ఒక్కరే తోలారు. రన్‌వే ఆ కొస నుంచి ఈ కొస దాకా గేర్లు మార్చుకుంటూ వచ్చారు, గాలి చప్పుడు తప్ప ఇంకేం లేదు. దిగి బావగారితో "నాక్కూడా రెండోసారి కొంచెం పట్టిందండీ. కొత్త ప్లేటు బిగువు ఇంకా వదల్లేదండి" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. బావగారు అటు తిరిగి నీళ్ళు తాగుతుంటే అబ్బులుగారిని పక్కకి లాక్కెళ్ళాను. "ఎక్కడ పట్టిందండీ? నేను వింటూనే ఉన్నాను కదా. నిజం చెప్పండి" అన్నాను.

ఆయన సిమెంటు వైపు చూస్తూ చెప్పారు. "బండిలో ఏమీ లేదండి. పోయినసారి కూడా ఏమీ లేదండి. ప్లేటు మార్చక్కర్లేకపోయినా మార్చానండి."

"మరి?"

"ఆయన ఎడం కాలు కిందికి దిగట్లేదండి. సగంలో ఆగిపోతోందండి. తొక్కాననే అనుకుంటున్నారండి. నాతోపాటు ఈ రన్‌వే మీద జీపు తోలిన మనిషికి, మీ కాలు చాలట్లేదని ఎలా చెప్పమంటారండీ? మీరు ఇంటి మనిషి, మీరు చెప్పండి."

స్టేషను బయట దిగకుండా హారన్ కొట్టడం, గట్టు మీద చెప్పు, శ్రీను పెడల్ సర్దడం, గేటు దగ్గర అక్క చూపు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి మీద పడ్డాయి. లోపం కారులోదే అయితే ఎంత ఖర్చయినా పెట్టించమని అక్క ఎందుకందో అప్పుడు అర్థమైంది. నాకు భయం వేసింది. ఏ జబ్బు అలా ఒక్క కాలినే ముందు పట్టుకుంటుందో, తర్వాత ఎక్కడికి పోతుందో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

"ఏవోయ్ మాస్టారూ, నువ్వొకసారి తోలు" అని పిలిచారు బావగారు. ఆయన పక్క సీట్లో కూర్చున్నారు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. బండి స్టార్టు చేసి క్లచ్చి తొక్కితే పెడల్ మెత్తగా నేల దాకా పోయింది. మొదటి గేరు వేలితో నెట్టినా పడేటట్టుంది. ఇప్పుడు రెండోది వేయాలి. అది కూడా ఇలాగే పడితే ఇక దాపరికం ఏమీ మిగలదు. పక్కన ఆయన గేరు రాడ్డునే చూస్తూ కూర్చున్నారు, పరీక్ష పేపరు దిద్దుతుంటే పిల్లలు చూసినట్టు. క్లచ్చి సగం తొక్కి ఆపి రాడ్డు నెట్టాను. బండి కరకరమని అరిచింది.

"నాకూ పడట్లేదు బావగారూ. బండిలోనే ఏదో ఉంది" అన్నాను.

ఆయన రాడ్డు మీంచి చూపు తీసి నా కాళ్ళ వైపు చూశారు. కొంచెం దూరం పోయాక "ఆపు" అన్నారు. ఆపాను. ఇంజను కూడా ఆపమన్నారు.

"ఇక్కడ నీకు క్లచ్చి నేర్పిందెవరోయ్?"

"మీరే."

"నీ కాలు నేల తాకిందో లేదో నాకు తెలియదనుకున్నావా? మొదటి గేరుకి తాకింది. రెండోదానికి నువ్వే ఆపావు." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "అబ్బులు ఇంతే. శ్రీను ఇంతే. నిన్న ఆ లారీ అబ్బాయి కూడా ఇంతే. అందరూ కలిసి నా మర్యాద కాపాడుతున్నారు. నేను కూడా బండిదే అనుకుంటూ వచ్చాను. రేపు గట్టు మీద ఎవరి బిడ్డో అడ్డం వస్తే? మీ అక్క పక్కన కూర్చుని ఉంటే? మర్యాద ఆపుద్దా బండిని?"

నేను స్టీరింగు మీంచి చేతులు తీసేశాను.

"కాల్లోంచి చెప్పు జారిపోతే తెలియట్లేదోయ్. నేల చల్లగా తగిలితే అప్పుడు తెలుస్తోంది. నువ్వయినా చెప్పు, ఏమైంది బండికి?"

ఆయన నా వైపు తిరిగి చూస్తూనే ఉన్నారు. చివరికి ఆయన నేర్పిన మాటే ఆయనకి చెప్పాల్సి వచ్చింది.

"మీ క్లచ్చి నేల తాకట్లేదు బావగారూ."

"అదీ" అన్నారు. అంతే. చెయ్యి నా మోకాలి మీద వేసి అలాగే ఉంచారు. అద్దంలోంచి చూస్తే తెల్ల కారు కుటుంబం ఇంకా మొదటి గేరు దగ్గరే ఆగిపోయి, గెంతుతూ, నవ్వుకుంటూ ఉన్నారు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

పన్నెండున్నరకి అబ్బులుగారి షెడ్డు దగ్గర ఆగాం. ఆయన డబ్బు తీసుకోలేదు, కారు వైపు కూడా చూడలేదు. "ఏవండీ, భోజనం చేసి వెళ్ళండి" అని మాత్రం అన్నారు. ఆకలి లేదని చెప్పాం. నా రాజమండ్రి రైలు స్టేషనులో కూత వేస్తుండగా, నేను ఎర్ర బండిని ఏలూరు వైపు తిప్పాను. ఇంటికి సగం దూరం వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళడం నాకు అదే మొదటిసారి.

దారిలో బావగారు మామూలుగానే మాట్లాడారు. ఉంగుటూరు దగ్గర "గేరు తగ్గించు, ధాన్యం మీదికి పోకు" అన్నారు. పొలం పక్కన నేను ఆపాను. ఆయన దిగలేదు, అద్దం దించి కాసేపు చూశారు. కోత అయిపోయి వరి మోళ్ళున్నాయి. మళ్ళీ బయల్దేరేటప్పుడు నేను క్లచ్చి తొక్కాను. అటు పక్క ఆయన ఎడమ కాలు కూడా కారు మ్యాటు మీద కదిలింది. నేను గేరు మార్చిన ప్రతిసారీ అది కదులుతూనే ఉంది. కదిలి, సగంలో ఆగుతోంది. ఆయన రోడ్డునే చూస్తున్నారు, కాలు సంగతి ఆయనకి తెలియదు. భీమడోలు దాకా నేను అవసరం ఉన్నా గేరు మార్చకుండా తోలాను.

ఇంటి గేటు దగ్గర అక్క నిలబడి ఉంది. కారు ఆగగానే కుడివైపు నుంచి నేను దిగాను. అక్క నన్ను చూసింది. ఎడమవైపు తలుపు ఇంకా తెరుచుకోలేదు. బావగారే తలుపు పట్టుకుని నెమ్మదిగా దిగి, "కారు బాగానే ఉందే" అన్నారు. అక్క గేటు పక్క అరుగు మీద కూర్చుండిపోయింది. కాసేపటికి లేచి, ఆయన ఎడమవైపుకి వెళ్ళి, చెయ్యి పట్టుకుంది. నా ఎదుట ఆ ఇద్దరూ చెయ్యి పట్టుకోవడం నేను చూడలేదు అంతకుముందు.

మంగళవారం విజయవాడలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్ళాలని నిర్ణయమైంది. కారు ఎవరు తోలాలన్న మాట వచ్చింది. రైల్లో పోదాం అన్నారు బావగారు. భీమవరం ఆయనకి అక్కడే ఫోన్ చేసి "గేర్లు బాగున్నాయండి. అమ్మట్లేదండి" అని చెప్పారు. నన్ను స్టేషనుకి పంపించడానికి గేటు దాకా వచ్చి, జేబులోంచి తాళంచెవి తీసి నా చొక్కా జేబులో వేశారు. "నీ దగ్గర ఉంచు. ఇక్కడుంటే నేను తోలతాను. నెలకోసారి వచ్చి స్టార్టు చేసి ఒక చుట్టు తిప్పు, లేకపోతే బ్యాటరీ పోద్ది" అన్నారు. మెట్టు దిగేటప్పుడు ఆయన కాలు తట్టుకుంది. మెట్టు ఎత్తుగా ఉందని నోటిదాకా వచ్చింది. అనలేదు, చెయ్యి పట్టుకున్నాను.

సాయంత్రం ఐదున్నర రైలుకి సీటు దొరకలేదు. గుమ్మం దగ్గర నిలబడి వచ్చాను. భీమడోలు దాటాక చీకటి పడింది.

ఈ దారిన వెళ్ళాలనుకునే వాళ్ళకి చెప్పదగినది చెబుతాను. ఇది మంచి కాలం. కొల్లేటికి పక్షులు వచ్చాయి, నీళ్ళున్నాయి. కైకలూరు రోడ్డు ఫరవాలేదు, చెరువుగట్ల మీదికి మాత్రం చిన్న బండితో పోకండి. గూడెంలో ఆదివారం రన్‌వే చూడండి, నేర్చుకునేవాళ్ళకి అంత వెడల్పైన చోటు మా వైపు ఇంకెక్కడా లేదు. కారు కూడా చాలా బాగుంది. ఐదు గేర్లూ పడుతున్నాయి, రివర్సుతో సహా. తాళంచెవి నా జేబులో ఉంది.